ఇంటి హీటింగ్ పంపును ఏ సెట్టింగ్‌లో ఉంచాలి?

ఇంగ్లండ్‌లో మేము కొనుక్కున్న ఇల్లు 1930ల నాటిది. గ్యాసుతో నీటిని వేడిచేసే బాయిలర్, ఆ నీటితో గదులను వెచ్చబరిచే పది రేడియేటర్లు, మేడ మీద అల్మారాలో వేడినీటి సిలిండరు, దాని కింద ఆ నీటిని ఇల్లంతా తిప్పే ఒక చిన్న పంపు. మొదటి చలికాలంలో పిల్లల గది ఎంతకీ వెచ్చబడలేదు. పిలిస్తే వచ్చిన ప్లంబరు పంపు మీది మీటను 2 నుంచి 3కు తిప్పి వెళ్లాడు. పిల్లల గది కాస్త మెరుగైంది కానీ హాల్లోని రేడియేటరు ఈల వేయడం మొదలుపెట్టింది. అప్పుడే రేపల్లె దగ్గరి మా ఊరి నుంచి అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు. హాలు పక్క గదిలో పడుకున్న అమ్మకు ఆ ఈలతో రాత్రంతా నిద్ర లేదు.

నాన్న కృష్ణా డెల్టాలో చివరి ఆయకట్టు రైతు. రెండు రోజులు ఒక్కో రేడియేటరును చేత్తో తాకి చూసి, "పై తూములన్నీ బార్లా తెరిచి ఉంచితే కాలువకు ఎంత నీరు వదిలినా చివరి పొలానికి అందదురా" అన్నారు. హీటింగ్ గురించి ఆయనకేమీ తెలియదు. అయినా మా ఇంటి జబ్బు సరిగ్గా అదే. బాయిలర్‌కు దగ్గరగా ఉన్న మూడు రేడియేటర్లు నీటిని తాగేస్తున్నాయి. పంపు వేగం పెంచితే వాటికి ఇంకా ఎక్కువ నీరు వెళ్లింది, చివరి గదికి మాత్రం కొసరు దక్కింది.

అందుకే సెట్టింగుల పోలికలోకి వెళ్లే ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. పంపు సెట్టింగ్ ఎంచుకోవడం రెండో పని. రేడియేటర్ల మధ్య నీటి వాటాలు సరిచేయడం మొదటి పని. ఆ మొదటి పని జరిగిన ఇంట్లో చాలామంది అనుకునేదానికంటే తక్కువ సెట్టింగే సరిపోతుంది.

ఇది బాయిలర్, రేడియేటర్లు ఉన్న ఇళ్లకు సంబంధించిన విషయం. బ్రిటన్, ఐర్లండ్, జర్మనీల్లో ఉంటున్న మనవారికి నేరుగా పనికొస్తుంది. అమెరికాలో ఎక్కువ ఇళ్లలో వేడి గాలి గొట్టాల ద్వారా వస్తుంది, అక్కడ ఈ పంపే ఉండదు.

## ముందు ఒక అపోహ తొలగించుకోవాలి

మనకు పంపు అనగానే మేడ మీది ట్యాంకుకు నీరెక్కించే మోటారు గుర్తొస్తుంది. అంతస్తు పెరిగితే హార్స్‌పవర్ పెరగాలి. హీటింగ్ పంపుకు ఆ లెక్క వర్తించదు. ఇక్కడ గొట్టాలు, రేడియేటర్లు, బాయిలర్ అన్నీ కలిసి ఎప్పుడూ నీటితో నిండి ఉండే ఒక వలయం. ఒక వైపు పైకెక్కే నీటి బరువును మరో వైపు దిగే నీటి బరువు సరితూస్తుంది. మూడంతస్తుల ఇల్లయినా పంపు ఎదుర్కోవలసింది గొట్టాల్లో, మలుపుల్లో, వాల్వుల్లో ఉండే రాపిడిని మాత్రమే. పై అంతస్తు గది చల్లగా ఉంది కాబట్టి పంపుకు బలం చాలడం లేదనుకోవడం ఈ అపోహ నుంచి పుట్టిందే.

పంపు పలక మీద 15-50 అనో, 15-60 అనో ఉంటుంది. మొదటి అంకె గొట్టం కొలతను సూచిస్తుంది. రెండోది పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి, డెసీమీటర్లలో. అంటే 60 ఉంటే 6 మీటర్లు. ఆ 6 మీటర్లు రాపిడిని జయించడానికి ఉన్న శక్తి, నీటిని ఎత్తే ఎత్తు కాదు.

ఎంత నీరు తిరగాలన్నది లెక్క వేయగల విషయమే. చలిలో మీ ఇంటికి 10 కిలోవాట్ల వేడి కావాలనుకుందాం. బాయిలర్ నుంచి వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ మధ్య తేడా 20 డిగ్రీలుంటే నిమిషానికి 7 లీటర్లు తిరిగితే చాలు. తేడా 11 డిగ్రీలైతే 13 లీటర్లు కావాలి. 5 డిగ్రీలే అయితే దాదాపు 29 లీటర్లు. ఒకే వేడికి మూడు రకాల ప్రవాహాలు. పంపు సెట్టింగ్‌తో మీరు నిజానికి ఎంచుకునేది ఈ తేడానే.

ఇంకొక లెక్క కూడా తెలిసి ఉండాలి. ఐరోపాలో రేడియేటర్ల సామర్థ్యాన్ని నీరు 75 డిగ్రీలతో లోపలికి వెళ్లి 65తో బయటికి వస్తూ, గది 20 డిగ్రీలున్న స్థితిలో కొలుస్తారు. అదే రేడియేటరులో ప్రవాహాన్ని సగానికి తగ్గిస్తే వేడి సగానికి పడిపోతుందని ఎవరైనా అనుకుంటారు. పడిపోదు. తగ్గేది సుమారు పదో వంతే. నీరు లోపల ఎక్కువసేపు నిలిచి, ఎక్కువ వేడిని వదిలి, 57 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. పంపును భయం లేకుండా తగ్గించి చూడవచ్చని నేను చెప్పడానికి ఆధారం ఇదే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడవలసింది చివరి గది. బాగా చలిగా ఉన్న రోజు, అన్ని వాల్వులూ తెరిచి ఉన్నప్పుడు, బాయిలర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న రేడియేటరు పైనుంచి కిందిదాకా వేడెక్కుతోందా? ఎక్కకపోతే మిగతా ప్రయోజనాలు ఎన్ని ఉన్నా ఆ సెట్టింగ్ పనికిరాదు.

రెండోది తిరుగు నీటి వేడి. గ్యాసు బిల్లును ఎక్కువగా కదిలించేది ఇదే, మన ఇళ్లలో అతి తక్కువగా పట్టించుకునేదీ ఇదే. ఇంగ్లండ్, వేల్స్‌లో 2005 ఏప్రిల్ నుంచి పెట్టే గ్యాసు బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. పొగలోని నీటి ఆవిరిని మళ్లీ నీరుగా మార్చి, ఆ వేడిని కూడా ఇంటికి ఇస్తాయి. అయితే తిరిగొచ్చే నీరు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే ఆ పని జరుగుతుంది. ఎంత చల్లగా ఉంటే అంత బాగా జరుగుతుంది. పంపు అతి వేగంగా తిరిగితే నీరు వేడి వదలకుండానే బాయిలర్‌కు తిరిగొచ్చేస్తుంది. అంటే డబ్బు పెట్టి కొన్న కండెన్సింగ్ బాయిలర్ పాతకాలం బాయిలర్‌లా పనిచేస్తుంది.

తర్వాత శబ్దం. గొట్టాల్లో నీటి వేగం సెకనుకు ఒక మీటరు దాటుతుంటే రొద మొదలవుతుంది. పై ఉదాహరణలోని నిమిషానికి 13 లీటర్లు 22 మిల్లీమీటర్ల రాగి గొట్టంలో సెకనుకు 0.7 మీటరు వేగంతో నిశ్శబ్దంగా పోతాయి. అదే నీటిని 15 మిల్లీమీటర్ల గొట్టంలోకి తోస్తే వేగం 1.5 మీటర్లవుతుంది. రేడియేటరు వాల్వులు సగం మూసుకున్నప్పుడు వచ్చే ఈల కూడా అధిక ఒత్తిడి లక్షణమే.

కరెంటు ఖర్చు పంపు వయసును బట్టి ఉంటుంది. పాత మూడు వేగాల పంపు 3లో 80 వాట్లు తింటుందనుకుందాం. ఏడాదికి 1,600 గంటలు తిరిగితే 128 యూనిట్లు. యూనిటు 25 పెన్స్ అనుకుంటే 32 పౌండ్లు. కొత్త రకం పంపు సగటున 15 వాట్లతో అదే పని చేస్తే 6 పౌండ్లు. తేడా ఉంది కానీ, బాగా నడుస్తున్న పాత పంపును కేవలం దీనికోసం పీకేయమని నేను చెప్పను. పాడైన రోజున మార్చుకోవచ్చు.

చివరిది బాయిలర్ భద్రత. బాయిలర్‌కు కనీస ప్రవాహం ఒకటి ఉంటుంది, అది తయారీదారు ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. అంతకంటే తగ్గితే బాయిలర్ లోపల నీరు మరిగినట్టు కెటిల్ చప్పుడు వస్తుంది, లేదా బాయిలర్ పదే పదే వెలిగి ఆరిపోతుంది. పంపు తగ్గించడానికి హద్దు ఇక్కడ ఉంది.

## ఉన్న సెట్టింగులు నాలుగు

మీ పంపు ఏ తరానిదో ముందు చూసుకోండి. 1, 2, 3 అంకెలున్న మీట మాత్రమే ఉంటే అది పాత రకం. విద్యుత్తు పొదుపు నిబంధనలతో ఐరోపాలో 2013 జనవరి నుంచి విడిగా అమ్మే పంపులకు, 2015 ఆగస్టు నుంచి బాయిలర్ లోపల అమర్చే పంపులకు కూడా కఠినమైన పరిమితులు వచ్చాయి. కాబట్టి అలాంటి మీట పంపు దాదాపుగా అంతకు ముందుదే అయి ఉంటుంది. బొత్తాము, చిన్న దీపాలు ఉంటే కొత్త రకం. గ్రుండ్‌ఫోస్, విలో వంటి కంపెనీల పంపుల్లో దీపాల పేర్లు, గుర్తులు వేరుగా ఉన్నా లోపలి పద్ధతులు ఇవే.

### స్థిర వేగం

పంపు ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది. ఇంట్లో ఎవరికి ఎంత నీరు కావాలో దానికి పట్టదు. రేడియేటర్లకు థర్మోస్టాట్ వాల్వులు ఉంటే, గదులు వెచ్చబడి అవి ఒక్కొక్కటిగా మూసుకుంటున్న కొద్దీ మిగిలిన వాటి మీద ఒత్తిడి పెరుగుతుంది. అర్ధరాత్రి ఈల వచ్చేది అప్పుడే.

అలాగని ఇది చెడ్డ పద్ధతి కాదు. థర్మోస్టాట్ వాల్వులు లేని ఇంట్లో, ఒకే గొట్టం మీద రేడియేటర్లన్నీ వరుసగా కలిపిన పాత ఇళ్లలో, లేదా కేవలం వేడినీటి సిలిండరుకు నీరు తిప్పే వలయంలో ప్రవాహం పెద్దగా మారదు. అక్కడ మారే సెట్టింగ్‌తో పని లేదు, స్థిర వేగమే సరైనది.

మీటను 3 నుంచి 1కి తెస్తే ఏమవుతుంది? సూత్రం ప్రకారం వేగం ఎంత తగ్గితే ప్రవాహం అంతే తగ్గుతుంది. ఒత్తిడి మాత్రం వర్గం లెక్కన, పంపు తినే శక్తి ఘనం లెక్కన తగ్గుతాయి. వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతు, శక్తి ఎనిమిదో వంతు. పాత పంపుల మోటారు అంత సమర్థంగా ఉండదు కాబట్టి కరెంటు పొదుపు ఆ స్థాయిలో కనిపించదు. శబ్దం మాత్రం వెంటనే తగ్గుతుంది.

### స్థిర ఒత్తిడి

ఇక్కడ పంపు తన వేగాన్ని మార్చుకుంటూ ఒత్తిడిని ఒకే స్థాయిలో నిలుపుతుంది. ఒక గది వాల్వు మూసుకుంటే పంపు నెమ్మదిస్తుంది, మిగతా గదులకు వెళ్లే నీటిలో పెద్దగా మార్పు ఉండదు.

నేల కింద గొట్టాలు పరిచే అండర్‌ఫ్లోర్ హీటింగ్‌కు ఇది పుట్టినిల్లు వంటిది. అక్కడ రాపిడి అంతా నేలలోని పొడవాటి చుట్టల్లోనే ఉంటుంది, వాటికి నీరు తెచ్చే పెద్ద గొట్టంలో ఉండదు. కాబట్టి ఎన్ని చుట్టలు తెరిచి ఉన్నా ఒక్కో చుట్టకు కావలసిన ఒత్తిడి మారదు. రేడియేటర్ల ఇంట్లో కూడా ప్రధాన గొట్టాలు పొట్టిగా, వెడల్పుగా ఉంటే ఇదే తర్కం. వంటగది వెనుక కొత్తగా కట్టిన గదిలో నేల హీటింగ్ వేయించుకున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ గదికి విడిగా ఒక పంపు ఉంటే దాన్ని స్థిర ఒత్తిడిలో ఉంచండి. ఇంటి ప్రధాన పంపును ఆ లెక్కలోకి లాగకండి.

### అనుపాత ఒత్తిడి

దీన్ని అర్థం చేసుకోవడానికి కాస్త ఓపిక కావాలి, కానీ బ్రిటన్‌లోని మామూలు రేడియేటర్ల ఇళ్లకు ఎక్కువగా నప్పేది ఇదే. వాల్వులు మూసుకుని ప్రవాహం తగ్గితే పంపు ఒత్తిడిని కూడా తగ్గించేస్తుంది. ప్రవాహం దాదాపు ఆగిపోయే స్థితికి వస్తే మీరు పెట్టిన ఒత్తిడిలో సగం మాత్రమే ఇస్తుంది.

ఎందుకలా? రెండు గొట్టాల పద్ధతిలో (వేడి నీటిని తెచ్చేది ఒకటి, తిరిగి తీసుకెళ్లేది ఒకటి) బాయిలర్ నుంచి చివరి గదిదాకా పొడవైన ప్రధాన గొట్టం ఉంటుంది. అన్ని రేడియేటర్లూ నడుస్తున్నప్పుడు ఒత్తిడిలో పెద్ద భాగం ఆ గొట్టం రాపిడికే ఖర్చవుతుంది. సగం రేడియేటర్లు మూసుకోగానే ఆ రాపిడి పడిపోతుంది. పంపు మాత్రం పాత ఒత్తిడినే ఇస్తుంటే ఆ మిగులంతా తెరిచి ఉన్న వాల్వుల మీద పడి ఈల వేయిస్తుంది. అనుపాత పద్ధతి ఆ మిగులును ముందే కత్తిరిస్తుంది. కాలువ కింద సగం పొలాలకు నీరు చాలినప్పుడు పై నుంచే విడుదల తగ్గించడం వంటిది ఇది.

దీని బలహీనత ఒకటుంది. రాత్రిపూట మిగతా వాల్వులన్నీ మూసి దూరపు పడకగది ఒక్కటే నడుపుకునే ఇంట్లో, ఆ గదికి వెళ్లే కొమ్మ గొట్టం సన్నగా ఉంటే, పంపు ఒత్తిడి తగ్గించేసి ఆ ఒక్క గదిని చల్లగా వదిలేయవచ్చు. అప్పుడు ఒక మెట్టు (ఒత్తిడి స్థాయి) పైకి వెళ్లండి, లేదా స్థిర ఒత్తిడిలో తక్కువ మెట్టును ప్రయత్నించండి.

### ఆటో

కొత్త పంపులు చాలావరకు కర్మాగారం నుంచి ఈ స్థితిలోనే వస్తాయి. పంపు కొన్ని రోజుల పాటు ఇంటి ప్రవాహాన్ని గమనించి, అనుపాత ఒత్తిడి మెట్లలో తగినదాన్ని తనంతట తానే వెతుక్కుంటుంది. గ్రుండ్‌ఫోస్ తన పుస్తకంలో కనీసం ఒక వారం ఆగమని, ఆ తర్వాతే సెట్టింగ్ మార్చమని చెబుతుంది. మన దగ్గర ఆ వారం ఆగేవారు తక్కువ. మొదటి సాయంత్రమే బొత్తాము నొక్కేస్తారు.

వాటాలు సరిచేసిన ఇంట్లో ఆటో బాగా పనిచేస్తుంది. సరిచేయని ఇంట్లో ఫలితం నిరాశపరుస్తుంది. పంపుకు తెలిసేది ప్రవాహం, ఒత్తిడి మాత్రమే. ఏ గది చల్లగా ఉందో దానికి తెలియదు. దగ్గరి రేడియేటర్లు నీటిని మింగేస్తుంటే పంపు కంటికి అది కూడా తీరిన అవసరమే.

## ఒక చూపులో

| సెట్టింగ్ | నప్పే ఇల్లు | శబ్దం | కరెంటు | గమనించవలసింది |
|---|---|---|---|---|
| స్థిర వేగం | థర్మోస్టాట్ వాల్వులు లేనివి, ఒకే గొట్టం పద్ధతి, సిలిండరు వలయం | వాల్వులు మూసుకుంటే పెరుగుతుంది | ఎక్కువ | బైపాస్ వాల్వు (రేడియేటర్లు మూసుకున్నప్పుడు నీటికి పక్కదారి ఇచ్చేది) ఉందో లేదో చూడాలి |
| స్థిర ఒత్తిడి | నేల హీటింగ్, పొట్టి వెడల్పు గొట్టాలు | తక్కువ | తక్కువ | ఎత్తైన మెట్టులో పెడితే రేడియేటర్ల ఇంట్లో ఈల |
| అనుపాత ఒత్తిడి | రెండు గొట్టాల పద్ధతి, అన్ని గదుల్లో థర్మోస్టాట్ వాల్వులు | అతి తక్కువ | అతి తక్కువ | ఒక్క దూరపు గదే నడిపితే అది చల్లబడవచ్చు |
| ఆటో | వాటాలు సరిచేసిన రేడియేటర్ల ఇల్లు | అతి తక్కువ | అతి తక్కువ | వారం ఓపిక పట్టాలి |

## ఎవరు ఏది ఎంచుకోవాలి

కాంబీ బాయిలర్ (సిలిండరు లేకుండా రేడియేటర్లకూ, కుళాయిలకూ తానే నీరు వేడిచేసేది) ఉన్న ఫ్లాటులో ఉంటే: పంపు బాయిలర్ పెట్టె లోపలే ఉంటుంది. చాలా బాయిలర్లలో ఆ పంపును బాయిలరే నడుపుతుంది, సెట్టింగ్ ఇంజినీరుకు మాత్రమే ఉద్దేశించిన మెనూలో ఉంటుంది. ఆ పెట్టె మూత తీయడం మన పని కాదు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (బ్రిటన్‌లో గ్యాసు పనికి అర్హులైనవారి జాబితాలో) నమోదైన ఇంజినీరే తీయాలి. వార్షిక సర్వీసుకు వచ్చినప్పుడు పంపు ఏ పద్ధతిలో ఉందో అడగండి, అంతవరకు చాలు. మీ చేతిలో ఉన్నది బాయిలర్ ముందు మీటతో రేడియేటర్ల నీటి వేడిని తగ్గించడం, రేడియేటర్ల వాటాలు సరిచేయడం. ఫ్లాటులో ఆ రెండిటితోనే ఎక్కువ ఫలితం వస్తుంది.

అద్దె ఇల్లయితే: చదువుకోసం, ఉద్యోగం కోసం కొత్తగా వచ్చినవారు ఎక్కువగా ఈ కోవలోకి వస్తారు. ఇంగ్లండ్‌లో హీటింగ్ మరమ్మతు ఇంటి యజమాని బాధ్యత, 1985 నాటి చట్టమే ఆ మాట చెబుతుంది. ఒక గది చల్లగా ఉంటే పంపు జోలికి వెళ్లకుండా ఏజెంటుకు రాతపూర్వకంగా తెలపండి. ఏ గది, ఏ సమయంలో, ఎన్ని డిగ్రీలు అన్న వివరాలు అందులో ఉండాలి. రేడియేటరులో చేరిన గాలిని కీతో వదిలేయడం వంటి చిన్న పని మీరే చేసుకోవచ్చు. పైభాగం చల్లగా, కింద వేడిగా ఉంటే సమస్య గాలిదే. దానికీ పంపుకూ సంబంధం లేదు.

సిలిండరు, విడి పంపు, అన్ని గదుల్లో థర్మోస్టాట్ వాల్వులు ఉన్న సొంత ఇల్లు: కొత్త పంపు ఉంటే వాటాలు సరిచేసి ఆటోలో పెట్టండి. వారం తర్వాత చివరి గది బాగుంటే ముట్టుకోకండి. బాగా లేకపోతే అనుపాత ఒత్తిడి మధ్య మెట్టు. పాత పంపు ఉంటే 2తో మొదలుపెట్టి 1కి దిగి చూడండి. మా ఇల్లు ఇప్పుడు అనుపాత ఒత్తిడి కింది మెట్టులో నడుస్తోంది, పిల్లల గదితో సహా.

సన్న గొట్టాల ఇల్లు: 1970లలో, 80లలో కట్టిన కొన్ని ఇళ్లలో ఒక్కో రేడియేటరుకు 8 లేదా 10 మిల్లీమీటర్ల గొట్టాలే వేశారు. గోడలోంచి వచ్చే గొట్టం చిటికెన వేలి కంటే సన్నగా కనిపిస్తే అదే. వీటిలో రాపిడి చాలా ఎక్కువ. ఇక్కడ నేను ఇంతవరకు చెప్పినదానికి భిన్నంగా పై మెట్టు అవసరం కావచ్చు. 3లో ఉందని ఎవరైనా తప్పు పడితే వినకండి. ఆటో ఇలాంటి ఇంట్లో తడబడితే స్థిర ఒత్తిడిలో పై మెట్టుకు మార్చండి.

లాఫ్టులో (పైకప్పు కింది అటకలో) చిన్న నీటి తొట్టి ఉన్న పాత పద్ధతి: ఇది జాగ్రత్తగా చదవండి. హీటింగ్ వలయానికి నీరు నింపే ఆ తొట్టి మీదికి వంగిన గొట్టం ఒకటి ఉంటుంది. పంపు మొదలైనప్పుడు ఆ గొట్టం నుంచి తొట్టిలోకి నీరు పడుతుంటే వలయంలోకి ఎడతెగకుండా గాలి చేరుతోందని అర్థం. గాలిలోని ఆక్సిజన్ ఉక్కు రేడియేటర్లను లోపలినుంచి తినేస్తుంది. ఆ తుప్పే నల్లటి బురదగా మారి రేడియేటర్ల అడుగున పేరుకుంటుంది. పంపును ఒక మెట్టు దించితే కొన్నిసార్లు నీరు పడటం ఆగుతుంది. కానీ తొట్టి నుంచి వచ్చే గొట్టం బురదతో మూసుకుపోవడం వల్ల కూడా ఇలా జరుగుతుంది కాబట్టి, ఆగినా సరే ఇంజినీరుకు చూపించండి. రేడియేటరు పైన వేడిగా, కింది మధ్యభాగం చల్లగా ఉంటే బురద చేరినట్టే. దానికి ఏ సెట్టింగూ మందు కాదు, వలయాన్ని కడిగించాలి.

బాయిలర్‌కు బదులు హీట్ పంపు (బయటి గాలి లేదా నేల నుంచి వేడిని లాగి ఇంటికిచ్చే యంత్రం) పెట్టించుకున్నవారు: 2023 అక్టోబరులో ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వ సాయం 7,500 పౌండ్లకు పెరిగాక మనవాళ్లలోనూ ఈ ఆలోచన పెరిగింది. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. హీట్ పంపు తక్కువ వేడి నీటితో పనిచేస్తుంది, వెళ్లే నీటికీ వచ్చే నీటికీ తేడా 5 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. అంటే ప్రవాహం చాలా ఎక్కువగా కావాలి. బాయిలర్ ఇంట్లో నేర్చుకున్న అలవాటుతో ఇక్కడ నీరు తిప్పే పంపును తగ్గిస్తే యంత్రం సామర్థ్యం దెబ్బతింటుంది, ప్రవాహం చాలక ఆగిపోవచ్చు కూడా. అమర్చినవారు పెట్టిన సెట్టింగ్‌ను వారిని అడగకుండా మార్చవద్దు.

## చేసే విధానం

వాటాలు సరిచేయడానికి ఒక సెలవు రోజు కేటాయించండి. హీటింగ్ ఆపి రేడియేటర్లను చల్లబడనివ్వండి. అన్ని థర్మోస్టాట్ వాల్వులూ పూర్తిగా తెరవండి. ప్రతి రేడియేటరుకూ రెండో చివర మూత కింద ఇంకో వాల్వు ఉంటుంది, లాక్‌షీల్డ్ అంటారు. మన తూము షట్టరు అదే. వాటినీ తెరిచి హీటింగ్ వేసి, ఏ రేడియేటరు ముందు వేడెక్కుతోందో వరుసగా కాగితం మీద రాసుకోండి.

అన్నిటికంటే ముందు వేడెక్కినదాని లాక్‌షీల్డ్ పూర్తిగా మూసి, పావు చుట్టు మాత్రం తెరవండి. తర్వాతి దానికి కొంచెం ఎక్కువ. చివరిది పూర్తిగా తెరిచే ఉండాలి. ఒక్కో రేడియేటరు రెండు చివరల గొట్టాల వేడిని థర్మామీటరుతో కొలిచి, తేడా అన్ని గదుల్లోనూ దాదాపు ఒకేలా ఉండేలా కొద్దికొద్దిగా సర్దండి. కండెన్సింగ్ బాయిలర్ ఇంట్లో నేను 15 నుంచి 20 డిగ్రీల తేడాను లక్ష్యంగా పెట్టుకుంటాను. ఒక సర్దుబాటు తర్వాత కనీసం ఇరవై నిమిషాలు ఆగాలి. తొందరపడితే తప్పుడు కొలతలే వస్తాయి. మా పది రేడియేటర్లకు ఒక పూట పూర్తిగా పట్టింది.

ఆ తర్వాతే పంపు. పాత పంపు మీట తిప్పే ముందు హీటింగ్ స్విచ్చి ఆపండి. పంపు ఒళ్లు చేయి కాల్చేంత వేడిగా ఉంటుంది, గుర్తుంచుకోండి. ఒక మెట్టు దించి ఒక రోజు నడపండి. చివరి గది బాగుంటే ఇంకో మెట్టు. చివరి గది చల్లబడిన చోట, లేదా బాయిలర్ కెటిల్ చప్పుడు చేసిన చోట ఆగి, ఒక మెట్టు పైకి రండి. మీ ఇంటి సెట్టింగ్ అది. అక్టోబరులో తేలికపాటి చలిలో ఈ పరీక్ష చేస్తే ఏ సెట్టింగ్ అయినా బాగున్నట్టే కనిపిస్తుంది. జనవరిలో బయట సున్నా దగ్గర ఉన్న ఉదయం ఇంకోసారి చూడాలి.

వేసవిలో నెలకోసారి పంపును కొన్ని నిమిషాలు నడపడం మంచిది, నెలల తరబడి కదలకపోతే పాత పంపులు బిగుసుకుపోతాయి. ఇక ఎంచుకున్న సెట్టింగును, తేదీని, ఆ రోజు కొలిచిన రెండు ఉష్ణోగ్రతలను ఒక కాగితంపై రాసి పంపు పక్క గోడకు అంటించండి. లాక్‌షీల్డ్‌లు ఒక్కొక్కటి ఎన్ని చుట్లు తెరిచి ఉన్నాయో కూడా రాయండి. రేడియేటరు వెనుక గోడకు రంగు వేయడానికో, కొత్త వాల్వు బిగించడానికో వచ్చినవారు వాటిని మూసి తెరిస్తే, మళ్లీ మొదటినుంచి కొలవకుండా ఆ కాగితం చూసి పెట్టుకోవచ్చు.